పాత పికప్ కొన్న రోజే పేరు మార్పించుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

టమాటా కోతలు ముమ్మరమయ్యే ముందు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పాత పికప్ బళ్ల బేరాలు జోరందుకుంటాయి. కొత్త బండికి వాయిదాలు కట్టే స్తోమత లేని రైతులు, చిన్న వ్యాపారులు బొలెరో పికప్ వంటి వాహనాన్ని యజమాని దగ్గరే నేరుగా కొంటారు. మధ్యలో దళారీ ఉండడు కాబట్టి నాలుగు డబ్బులు మిగులుతాయి. అందులో తప్పేమీ లేదు. అయితే డబ్బు ముట్టిన తరువాత ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం)లో పేరు మార్పించుకోవడాన్ని నెలల తరబడి వాయిదా వేసే అలవాటు అమ్మినవారికీ కొన్నవారికీ ఎంత చేటు తెస్తుందో తమ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను.

అమ్మేవారు పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద తేదీ వేయకుండా సంతకాలు చేసి బండి తాళంతో పాటు ఇచ్చేస్తారు. కొన్నవారు వాటిని బీరువాలో దాచి, కొన్నాళ్లకు అవే కాగితాలతో బండిని మరొకరికి అమ్ముతారు. రవాణా శాఖ రికార్డులో మాత్రం బండి మొదటివారి పేరునే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. పలు చేతులు మారిన ఒక కారు వల్ల జరిగిన ప్రమాదం కేసులో, రికార్డులో ఎవరి పేరు ఉంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. బండి ఎప్పుడో అమ్మేశామని నోటరీ కాగితం చూపించి ఊరట చెందేవారు ఈ తీర్పును గమనించాలి.

కొన్నవారి ఇబ్బందులు వేరు. పాలసీని 14 రోజుల్లో తమ పేరుకు మార్చమని బీమా కంపెనీని కోరకపోతే, బండి బోల్తాపడినప్పుడు సొంత నష్టానికి వచ్చే పరిహారం చేజారవచ్చు. ఫైనాన్స్ తీరిపోయిందన్న నోటిమాట కూడా చాలదు. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఆర్‌సీలో అప్పు నమోదును తీసేయించే 35వ ఫారం చూడనిదే బయానా ఇవ్వకూడదు. మాది సరిహద్దు ప్రాంతం కావడంతో కోలారు, చింతామణి వైపు నుంచి కర్ణాటక నంబరు బళ్లు కూడా వస్తుంటాయి. అక్కడి ఆర్టీఓ నుంచి 28వ ఫారంపై నిరభ్యంతర పత్రం రాకపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ ముందుకు సాగదు. ఇక్కడ కట్టవలసిన పన్నును బేరమాడేటప్పుడే లెక్కలోకి తీసుకోకపోతే, చౌకగా దొరికిందనుకున్న బండి ఖరీదైపోతుంది.

బండిని చూడడంలోనూ మనవాళ్లు ఇంజను శబ్దం విని, రంగు చూసి తృప్తిపడతారు. సరుకు బండికి ఛాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం, ప్రాణం. కమాను కట్టలకు (బరువు మోసే స్ప్రింగు పట్టీలకు) అదనపు పట్టీలు వేసి ఉంటే ఆ బండి పరిమితికి మించిన బరువు మోసిందని అనుమానించాలి. అప్పుడు ఛాసిస్‌కు ఎక్కడైనా వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో బండి కిందికి దూరి చూడాలి, ఛాసిస్ మీద చెక్కిన నంబరును ఆర్‌సీతో అక్షరమక్షరం సరిపోల్చాలి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి గనుక, దాని గడువు ఎంత మిగిలిందో కూడా అడగాలి.

పేరు మారేవరకు ధరలో కొంత సొమ్ము అట్టిపెట్టుకుంటామని కొనేవారు ముందే చెప్పి, ఆ షరతును ఒప్పందంలో రాయించడం మంచిది. నిజాయతీగా అమ్మేవారికి దానిపై అభ్యంతరం ఉండనక్కరలేదు, ఎందుకంటే పేరు త్వరగా మారడం వారికే ఎక్కువ రక్షణ.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. సీజను మొదలయ్యే ముందు మదనపల్లె మార్కెట్ యార్డులో కొద్ది రోజులు శిబిరం పెట్టి, అమ్మినవారు, కొన్నవారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు సరిచూశాక అక్కడే పేరు మార్పు దరఖాస్తు తీసుకునే ఏర్పాటు చేయాలి. పొలం పని మానుకుని ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగలేకనే చాలామంది ఈ పనిని వాయిదా వేస్తున్నారన్న సంగతిని అధికారులు దయచేసి గుర్తించాలి.

ఇట్లు,
ఒక టమాటా రైతు,
మదనపల్లె మండలం