సెర్చ్ మారిందని అప్‌డేట్లు ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ సందేహాలకు జవాబులిచ్చే మీ శీర్షికలో ఈమధ్య వచ్చిన ఒక సలహా గురించి ఈ ఉత్తరం. బ్రౌజర్ అప్‌డేట్ కాగానే సెర్చ్ ఇంజిన్ మారిపోయిందని ఒక పాఠకుడు అడిగారు. అప్‌డేట్లు ఆపేయండి, అయినా పోకపోతే బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసుకోండి అని మీ శీర్షికలో జవాబిచ్చారు. అప్‌డేట్లు ఆపడం ప్రమాదం. తీసేసి మళ్లీ వేసుకోవడం చాలాసార్లు వృథా శ్రమ. ఎందుకో రాస్తున్నాం, వీలుంటే ప్రచురించండి.

బ్రౌజర్ అప్‌డేటే సెర్చ్‌ను మార్చిన సందర్భాలు లేకపోలేదు. 2014 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 34వ వెర్షన్ వచ్చినప్పుడు అమెరికాలో డిఫాల్ట్, అంటే మనం వేరేది ఎంచుకోకపోతే బ్రౌజర్ వాడే సెర్చ్ ఇంజిన్, గూగుల్ నుంచి యాహూకి మారింది. 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో మళ్లీ గూగుల్‌కి వచ్చింది. 2022 మార్చిలో 98వ వెర్షన్ వచ్చినప్పుడు, కొన్ని సెర్చ్ ఇంజిన్లను చేర్చుకునేందుకు లాంఛనంగా అనుమతి దొరకలేదంటూ ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాటిని తొలగించింది. వాటిని వాడుతున్నవారికి డిఫాల్ట్ మారింది. అయితే ఇవేవీ గుట్టుగా జరిగినవి కావు. ఆ సంస్థ బయటికి చెప్పి చేసినవే. కాబట్టి అనుమానం వస్తే మెనూలో హెల్ప్, అందులో అబౌట్ తెరిచి వెర్షన్ నంబరు చూసుకుని, ఆ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే విడుదల నోట్స్ చదవాలి. అందులో సెర్చ్ ఊసే లేకపోతే తప్పు బ్రౌజర్‌ది కాదు, వేరే చోట వెతకాలి.

మొదట చూడాల్సింది ఎక్స్‌టెన్షన్లను, అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్‌లను. వాటికీ అప్‌డేట్లు ఉంటాయి, బ్రౌజర్ మనల్ని అడక్కుండానే వాటిని సరిచూసి వేసేస్తుంది. స్క్రీన్‌షాట్ తీసేదో, పీడీఎఫ్ మార్చేదో రెండేళ్ల కిందట వేసుకుని మరిచిపోయి ఉంటాం. దాన్ని తయారుచేసినవారు మరొకరికి అమ్మేస్తే, కొన్నవారు తర్వాతి అప్‌డేట్‌లో ఏం పెడతారో వాళ్ల ఇష్టం. కొనడానికి వాళ్లకేం లాభమంటారా? గూగుల్‌పై అమెరికాలో జరిగిన గుత్తాధిపత్య కేసు విచారణలో ఒక లెక్క బయటపడింది. ఫోన్లలో, బ్రౌజర్లలో డిఫాల్ట్‌గా ఉండేందుకు ఆ సంస్థ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. మనం వెతికే ఆ ఒక్క గడికి అంత గిరాకీ ఉంది మరి.

ఎక్స్‌టెన్షన్ ఈ పనిని రెండు రకాలుగా చేస్తుంది. ఒకటి నేరుగా సెట్టింగ్‌నే పట్టుకోవడం. అప్పుడు క్రోమ్‌లో సెట్టింగ్స్, సెర్చ్ ఇంజిన్ తెరిస్తే ఫలానా ఎక్స్‌టెన్షన్ దీన్ని నియంత్రిస్తోంది అని పేరుతో సహా కనిపిస్తుంది. పక్కనే డిజేబుల్ బటన్ ఉంటుంది. ఇది తేలిక. రెండోదే తికమక పెట్టేది. సెట్టింగ్స్‌లో గూగుల్ అనే ఉంటుంది, వెతికితే మాత్రం ఫలితాలు ఇంకెక్కడో తేలతాయి. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదివి మార్చే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్‌ను ముట్టుకోనక్కర్లేదు, దారిలోనే వెతుకులాటను మళ్లిస్తుంది. ఏదో ఒక మాట వెతికి అడ్రస్ బార్‌నే చూస్తూ ఉండండి. ముక్కూమొహం తెలియని అడ్రస్ ఒకటి క్షణకాలం మెరిసి మాయమైతే ఇదే జరుగుతోందని అర్థం.

నిర్ధారించుకోవడానికి క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. మనం విడిగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. అక్కడ సెర్చ్ సవ్యంగా ఉంటే నేరం ఎక్స్‌టెన్షన్‌దే. ఒక్కొక్కటి తీసి చూస్తూ కూర్చోవద్దు, సగం ఆపి చూడండి, తప్పు ఏ సగంలో ఉందో తేలాక దాన్ని మళ్లీ సగం చేయండి. పన్నెండు ఉన్నా నాలుగు విడతల్లో దొరికిపోతుంది.

అప్‌డేట్ పేరుతో జరిగే అసలు మోసం ఇంకొకటి. ఏదో వెబ్‌పేజీ చూస్తుండగా ‘మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేసుకోండి’ అంటూ బ్రౌజర్ లోగోతో తెర నిండా ఒక సందేశం వస్తుంది. నొక్కితే ఒక ఫైలు దిగుతుంది. నిజమైన అప్‌డేట్ అలా వెబ్‌పేజీలోంచి రాదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ వెనకపట్టున తామే దించుకుని, మూసి తెరిచినప్పుడు అమల్లోకి తెచ్చుకుంటాయి. ఫోన్లలో ప్లే స్టోర్, యాప్ స్టోర్ ఆ పని చూసుకుంటాయి. ‘అప్‌డేట్ చేశాకే ఇలా అయింది’ అనేవారిని ముందు అడగాల్సిన ప్రశ్న, ఎక్కడ నొక్కి అప్‌డేట్ చేశారని. అలాంటి ఫైలు నడిపి ఉంటే అది సెర్చ్‌తో ఆగే బాపతు కాదు. పూర్తి యాంటీవైరస్ స్కాన్ చేయాలి, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చుకోవాలి.

ఇక మొండి రకం. ఎక్స్‌టెన్షన్ కనిపిస్తుంటుంది, తీసేద్దామంటే రిమూవ్ బటనే ఉండదు. నిర్వాహకుడు వేశారు అని ఉంటుంది. మెనూ అడుగున మీ సంస్థ నిర్వహిస్తోంది అనే వాక్యం కనబడుతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఇది మామూలే, దాని జోలికి పోకూడదు. సొంత కంప్యూటర్‌లో ఎవరీ నిర్వాహకుడు? అడ్రస్ బార్‌లో క్రోమ్://పాలసీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. ఎడ్జ్‌లో ఎడ్జ్://పాలసీ, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:పాలసీస్. నిర్వాహకుడి పేరుతో బ్రౌజర్‌పై పెట్టిన నిబంధనల పట్టిక తెరుచుకుంటుంది. క్రోమ్ పట్టికలో ఎక్స్‌టెన్షన్‌ఇన్‌స్టాల్‌ఫోర్స్‌లిస్ట్ అనే పేరుగానీ, డిఫాల్ట్‌సెర్చ్‌ప్రొవైడర్‌తో మొదలయ్యే పేర్లుగానీ ఉంటే, ఏదో ప్రోగ్రామ్ విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో రాసిపెట్టిందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా రాస్తాయి, అందుకని చూడగానే తుడిచేయొద్దు.

వరస ముఖ్యం. ముందు ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాను తేదీల వారీగా పేర్చి, గొడవ మొదలైన రోజుకు అటూఇటూ చేరిన అక్కర్లేని ప్రోగ్రామ్‌లను తీసేయాలి. ప్రోగ్రామ్‌లను వేళకు వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లోనూ ఓసారి చూడాలి. ఆ తర్వాతే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్లి, ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, సంబంధించిన పద్దును తొలగించాలి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో చూడాలి. వెనక్కి వచ్చి పాలసీ పేజీలో రీలోడ్ నొక్కితే పట్టిక ఖాళీ కావాలి. రాసే ప్రోగ్రామ్‌ను ఉంచేసి రాతను మాత్రం తుడిస్తే, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసేసరికి అది తిరిగి వచ్చేస్తుంది.

బ్రౌజర్ తీసేసి వేసుకోవడం ఎందుకు వృథా అన్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రిజిస్ట్రీలోని ఆ పద్దులు బ్రౌజర్‌తో పాటు పోవు. తీసేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు అనే గడిలో టిక్ పెట్టకపోతే మీ సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్లు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉంటుంది, కొత్త బ్రౌజర్ దాన్నే తెరుస్తుంది. టిక్ పెట్టినా, ఖాతాతో సైన్ ఇన్ కాగానే సింక్, అంటే ఒకే ఖాతా ఉన్న పరికరాలన్నిటినీ ఒకేలా ఉంచే ఏర్పాటు, ఆ ఎక్స్‌టెన్షన్‌ను తెచ్చి కూర్చోబెడుతుంది. ఇంట్లో రెండు కంప్యూటర్లలో ఒకే ఖాతా ఉంటే ముందు రెండింటిలో సింక్ ఆపి, రెండూ శుభ్రం చేసి, అప్పుడు ఆన్ చేయాలి.

ఏమీ మారకున్నా మారినట్టు అనిపించే సందర్భాలు కొన్ని. బ్రౌజర్ తెరవగానే వచ్చే పేజీ, కొత్త ట్యాబ్ పేజీ, అడ్రస్ బార్ వాడే సెర్చ్ ఇంజిన్, ఈ మూడూ వేర్వేరు సెట్టింగ్‌లు. ఎడ్జ్‌లో అడ్రస్ బార్‌కి గూగుల్ పెట్టినా కొత్త ట్యాబ్ నడుమనున్న పెట్టె బింగ్‌లోనే వెతుకుతుంది. కొత్త ట్యాబ్‌లో వెతికితే అడ్రస్ బార్ వాడాలి అని విడిగా చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్ హోమ్ స్క్రీన్ మీది గూగుల్ పెట్టె క్రోమ్‌ది కాదు, గూగుల్ యాప్‌ది. క్రోమ్‌లో ఏం మార్చినా దానికి పట్టదు. ఐఫోన్‌లో సఫారీ సెర్చ్‌ను సఫారీలో కాదు, ఫోన్ సెట్టింగ్స్‌లో మార్చాలి. విండోస్‌లో డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్ నొక్కితే మాత్రమే వింత పేజీ వస్తుంటే, దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడండి. క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ తర్వాత వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే చెరిపేస్తే చాలు.

రీసెట్ చివరి మార్గం. క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ నొక్కితే సెర్చ్ ఇంజిన్, ప్రారంభ పేజీ, పిన్ చేసిన ట్యాబ్‌లు మొదటి స్థితికి వస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి. బుక్‌మార్కులు, హిస్టరీ, దాచిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో రీఫ్రెష్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు పూర్తిగా పోతాయి, కుకీలు మాత్రం ఉంటాయి.

అప్‌డేట్లు ఆపడం ఎందుకు ప్రమాదమో కూడా చెప్పాలి. 2021 సెప్టెంబరులో 94వ వెర్షన్ నుంచి క్రోమ్ నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో 116 నుంచి మధ్యలో వారం వారం భద్రతా సవరణలు కూడా వస్తున్నాయి. దీనికి మూలమైన క్రోమియం కోడ్ అందరికీ కనిపించేదే. సవరణ బయటికి రాగానే రంధ్రం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది, పాత వెర్షన్ వాడేవారికి అది తెరిచే ఉంటుంది. మెనూ దగ్గరి అప్‌డేట్ గుర్తు ఆకుపచ్చగా ఉంటే సవరణ వచ్చి రెండు రోజులు కాలేదని, నారింజ అయితే నాలుగు రోజులైందని, ఎరుపెక్కితే కనీసం వారం దాటిందని. మీ పాఠకుడికి మళ్లీ జవాబిచ్చేటప్పుడు ముందుగా అప్‌డేట్లు తిరిగి ఆన్ చేసుకోమని, ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్ల పని పట్టమని రాయగలరు.

ఇట్లు
కంప్యూటర్ల నిర్వహణ పనిలో ఉన్న పాఠకులు