నిషేధించాల్సింది పొట్టి బట్టలను కాదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా మైపాడు, ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరాల్లో పొట్టి దుస్తులతో సముద్రస్నానాలు చేయడాన్ని నిషేధించాలని, సంప్రదాయ దుస్తులు తప్పనిసరి అని బోర్డులు పెట్టాలని కోరుతూ ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. పట్టించుకోకపోతే మన తీరాలు గోవా అయిపోతాయట. బహిరంగ ప్రదేశాల్లో మర్యాద ఉండాలనే మాటతో నాకు పేచీ లేదు. ఆ మర్యాద తప్పుతున్నది ఎవరన్నదే నా ప్రశ్న.

ముందు గోవా సంగతి. అక్కడ నగ్నంగా తిరగడానికి అనుమతి ఉందని మనవాళ్లలో చాలామంది నమ్మకం. లేదు. 2020లో ఒక నటుడు అక్కడి ఒడ్డున బట్టలు లేకుండా పరుగెత్తుతున్న ఫొటోను బయటపెడితే పోలీసులు కేసు పెట్టారు. గోవాకైనా మైపాడుకైనా చట్టం ఒక్కటే. బహిరంగ స్థలంలో ఇతరులకు చికాకు కలిగేలా అసభ్యకరమైన పని చేస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇది 294వ సెక్షన్. ఇందులో ఎన్ని అంగుళాల బట్ట ఉండాలన్న లెక్క ఎక్కడా లేదు. నగ్నంగా ఉన్నంత మాత్రాన ఒక చిత్రం అశ్లీలం అయిపోదని 2014లో సుప్రీంకోర్టు, నగ్నత్వమూ అశ్లీలతా ఒకటి కావని 2023లో కేరళ హైకోర్టు చెప్పాయి. అలాంటప్పుడు మోకాలి దాకా నిక్కరు వేసుకుని నీళ్లలో దిగిన అమ్మాయిని ఏ సెక్షన్ కింద ఆపమంటారు?

ఇక సంస్కృతి. వేమనను దిగంబర యోగిగా బొమ్మల్లో చూస్తూ, పద్యాలు బడిలో వల్లె వేస్తూ పెరిగినవాళ్లం. దిగంబర జైన మునులు వీధిలో నడిచి వస్తే చేతులు జోడిస్తాం. కుంభమేళాలో నాగసాధువులకు దారి ఇస్తాం. మన ఒడ్డునే గోచీ కట్టుకుని వల లాగే మనిషిని చూసి ఎవరూ తల తిప్పుకోరు. తువ్వాలు చుట్టుకుని పెన్న రేవులో మునిగే పెద్దమనిషికి ఎవరూ బోర్డు చూపించరు. అంటే ఒళ్లు కనబడటం మనకు కొత్తా కాదు, పాపమూ కాదు. ఆ ఒళ్లు ఆడవాళ్లది అయినప్పుడే మనకు సంస్కృతి గుర్తుకొస్తోంది.

పైగా ‘సంప్రదాయ దుస్తులు’ అని కోరిన ఆ పెద్దమనిషి కార్తీక పౌర్ణమి నాడు సముద్రం దగ్గరికి వెళ్లి ఉండరు, వెళ్లినా ఆడవాళ్ల కష్టం గమనించి ఉండరు. తడిసిన పలుచటి చీర దాచేది ఎంత? అల వచ్చినప్పుడు కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకుని పడిపోయే ప్రమాదం ఒకటి. దానికన్నా ముదురు రంగు చొక్కా, ప్యాంటు వేసుకుని దిగిన ఆడపిల్లే నిండుగానూ ఉంటుంది, క్షేమంగానూ ఉంటుంది. స్నానం అయ్యాక అసలు అవస్థ మొదలవుతుంది. తలుపు ఉన్న గది కనబడదు. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే మూడో ఆమె లోపల వణుకుతూ బట్టలు మార్చుకోవాలి. గాలికి దుప్పటి ఎగురుతుంది. కాస్త దూరంలో కుర్రాళ్లు, కొన్నిసార్లు కుర్రాళ్లు కానివాళ్లు కూడా, సెల్‌ఫోన్లు పైకెత్తి ‘సముద్రాన్ని’ తీస్తుంటారు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది, అదీ ఇంకా గట్టిగా ఉంది. అలా మాటున బట్టలు మార్చుకుంటున్న స్త్రీని దొంగచాటుగా చూడటం, ఫొటో తీయడం న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి రుజువైతేనే కనీసం ఏడాది, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. అనుమతి లేకుండా ఒంటి రహస్య భాగాలను ఫొటో తీసేవారికి ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కూడా ఉంది. అసభ్య ప్రవర్తనకు మూడు నెలలు, చాటుగా చూసే చూపుకు మూడేళ్లు. చట్టం దృష్టిలో ఏది పెద్ద తప్పో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. బోర్డు పెట్టదలచుకుంటే దానిమీద ఈ సెక్షన్లు రాయించండి.

నగ్నంగా ఉండటమే ఒక జీవన పద్ధతిగా భావించే సంఘాలు జర్మనీ, ఫ్రాన్స్ దేశాల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. (ఇదంతా పడమటి దేశాల పైత్యం అనేవారికి ఒక ముచ్చట: ఇలాంటి తొలి సంఘాల్లో ఒకటి 1891లో మన దేశంలోనే, ఠాణేలో, ఒక బ్రిటిష్ జిల్లా జడ్జి పెట్టినది. సభ్యులు ముగ్గురే!) వాటిని మైపాడుకు తెమ్మని నేను అడగడం లేదు, మన ఊళ్లకు అది నప్పదు. కానీ అక్కడి కట్టుబాట్లలో గమనించదగ్గది ఒకటుంది. అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు, ఎవరినీ అదేపనిగా చూడకూడదు. బట్టలే లేనిచోట చూపును అదుపులో పెట్టుకోగలుగుతున్నారు. నిండా బట్టలున్నచోట మనవాళ్లకు అది చేతకావడం లేదు.

రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర లక్షల మందికి ఏర్పాట్లు చేసే యంత్రాంగానికి సముద్రపుటొడ్డున నాలుగు గదులు కట్టడం భారం కాదు. కార్తీక మాసం లోపల మైపాడు, కొత్తపట్నం, పాకల తీరాల్లో ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గదులు, ఉప్పునీళ్లు కడుక్కోవడానికి కుళాయిలు ఏర్పాటు చేయాలని రెండు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. స్నానాల రోజుల్లో మహిళా పోలీసులను గదుల దగ్గరే కాకుండా, ఫోన్లు పట్టుకున్న గుంపు నిలబడేచోట కూడా ఉంచాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా