వార్షిక నివేదిక: ఈ ఏడాది మన ఆదివారం తరగతులు

సభ్యులందరికీ నమస్కారం.

హనుమకొండలో ఆటిజం వంటి వైకల్యాలున్న మన పిల్లల కోసం మనం నడిపిన ఆదివారం తరగతుల్లో ఈసారి ఎక్కువ సమయం ఆక్యుపేషనల్ థెరపీకే కేటాయించాం. "ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా, నాలుగేళ్ల మనవడికి ఉద్యోగమేమిటి?" అని మొదటి సమావేశంలో ఒక తాతగారు అడిగారు. నవ్వుకున్నాం గానీ అది అడగవలసిన ప్రశ్నే. పిల్లల పనులంటే తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం, పెన్సిలు పట్టడం. వీటిలో ఏది చేతకావడం లేదో, ఎందుకో కనిపెట్టి దారి చూపడమే ఈ థెరపీ. ఇది మర్దన కాదు, మందూ కాదు.

మన సభ్యుల అబ్బాయి ఒకడికి ఆరేళ్లు, ఆటిజం ఉంది. అన్నం చేత్తో ముట్టేవాడు కాదు. పప్పు వేలికి అంటితే చాలు, చెయ్యి దులుపుకుంటూ ఏడ్చేవాడు. గారాబం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశామని తల్లే చెప్పి కళ్లు తుడుచుకున్నారు. అది మొండితనం కాదనీ, తడి, జిగురు తాకితే వాడికి భరించలేనంతగా తెలుస్తుందనీ థెరపిస్టు గారు వివరించారు. మొదట గిన్నెడు పొడి బియ్యంలో దాచిన గోళీలు వెతికించారు. తర్వాత నానిన పెసలు, ఆపైన చపాతీ పిండి. బతుకమ్మ పేరుస్తుంటే పక్కన కూర్చుని గునుగు కాడలు అందించాడు. సంక్రాంతికి పెరుగన్నం తానే కలుపుకున్నాడు. చేత్తో తిన్నవి రెండు ముద్దలే, మిగతాదంతా చెంచాతో. అయినా ఆ రోజు వాళ్లింట్లో పండుగ రెండుసార్లు జరిగింది.

స్పర్శ, శబ్దం, కదలిక వంటి వాటిని మెదడు సర్దుకునే తీరుపై ఆధారపడిన ఈ పద్ధతిని రూపొందించినవారు అమెరికా థెరపిస్టు జీన్ ఏయర్స్. 1972లో పుస్తకంగా తెచ్చారు. అందరు పిల్లలకూ ఒకేలా పనిచేస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాజీపేటలో రైలు పట్టాల పక్కనే ఉండే అమ్మాయికి రైలు కూతంటే బెదురు లేదు, కుక్కర్ కూత వేస్తే మాత్రం మంచం కిందికి దూరేది. ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందు అమ్మ చెబుతుంది, పాప దుప్పటి కప్పుకుని తన మూలకు వెళ్తుంది. భయం పోలేదు, ఏడుపు తగ్గింది.

చొక్కా గుండీల విషయం మళ్లీ చెబుతున్నాం: అన్నీ మీరు పెట్టి, చివరిది పిల్లలకు వదలండి. అది వచ్చాక చివరి రెండూ. పొద్దున బడి హడావిడిలో కుదరదు, సాయంత్రం ప్రయత్నించండి.

కాగితాల పని: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బంది) ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం లేనివారు ముందు అది చూసుకోండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం), మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే వర్తిస్తుంది. అభ్యసన వైకల్యం ఒక్కటే ఉన్నవారికి రాదు.

"మూడు నెలల్లో మామూలు పిల్లవాణ్ణి చేస్తాం" అని ఒక కేంద్రం మన సభ్యులొకరి దగ్గర ముందే డబ్బు కట్టించుకుంది, తల్లిని మాత్రం గదిలోకి రానివ్వలేదు. అక్కడేం చేశారో తెలియకపోతే ఇంట్లో ఏం చేయిస్తాం? అటువంటి చోట్లకు వెళ్లవద్దని కార్యవర్గం అభిప్రాయం.

మన లోపమూ ఉంది. వానాకాలంలో తరగతి గదిలోని ఊయల కొక్కెం ఊడింది. అప్పుడు ఎవరూ దాని మీద లేరు. రెండు వారాలు తరగతులు ఆపి కొత్తది వేయించాం. ములుగు, భూపాలపల్లి వైపు కుటుంబాలకు ఇంకా ఏమీ చేయలేకపోయాం.

లెక్కల పుస్తకం బల్ల మీద ఉంది, చూసి సంతకం చేయండి. పాత గోళీలు, సైకిలు ట్యూబులు ఉంటే తెచ్చివ్వండి. గోళీలు మాత్రం నోట్లో పెట్టుకునే పిల్లలకు అందకుండా కార్యదర్శి చేతికే ఇవ్వండి.