రెండు చుక్కల వెనక పని

సంపాదకులకు,

మార్చి 16 జాతీయ టీకా దినం రాగానే పోలియో పోయిందని రెండు మాటలు చెప్పి ఊరుకుంటున్నాం. ఎలా పోయిందో కూడా గుర్తు చేసుకోవాలి. 1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరిలో హౌరా జిల్లాలో ఒక పాపకు సోకిందే దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి కేసు.

చుక్కల మందు సీసా లేబుల్ మీద వలయం, అందులో వేడి తగిలేకొద్దీ ముదిరే చిన్న చదరం ఉంటాయి. వలయం కన్నా చదరం లేత రంగులో ఉన్నంతవరకే మందు పనిచేస్తుంది. రెండూ ఒకే రంగుకు వస్తే, సీసా నిండుగా ఉన్నా పక్కన పెట్టేయాల్సిందే. సీసాలు మోసుకెళ్లే చల్లని పెట్టె (క్యారియర్)లో నాలుగు ఐస్‌ప్యాకులున్నా మాటిమాటికీ మూత తీస్తే ఈ గతే పడుతుంది. బిడ్డ చుక్కలు ఉమ్మేస్తే మళ్లీ వేయాలి.

అసలు కష్టం ఇంటింటి తిరుగుడులో ఉంది. గోడ మీద 'పి' అంటే పిల్లలందరికీ అందాయని, 'ఎక్స్' అంటే మళ్లీ రావాలని. తాళం వేసిన ఇంటికి తొందరపడి 'పి' రాస్తే ఆ బిడ్డ తప్పిపోయినట్టే. ఇటుక బట్టీల దగ్గరైతే రాయడానికి గోడే ఉండదు.

2016లో హైదరాబాద్ మురుగునీటిలో చుక్కల మందులోని బలహీన వైరస్ మారి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ బయటపడింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు 0.1 మి.లీ. చొప్పున చర్మం పొరలోకి పోలియో టీకా ఇంజెక్షన్ ఇచ్చారు. సూది దించిన చోట చిన్న బొబ్బలా పొంగకపోతే మందు లోతుకు పోయినట్టు.

బూత్‌లో చుక్కలు వేయించాం కదా అని 6, 14 వారాలకు, 9 నెలలకు ఇచ్చే పోలియో ఇంజెక్షన్ మానొద్దని తల్లిదండ్రులకు మా మనవి.

— కొందరు ఆరోగ్య కార్యకర్తలు