పేలిన తుపాకీని ‘మిస్‌ఫైర్’ అనకండి

సంపాదకులకు,

తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఎవరైనా గాయపడినా, చనిపోయినా మన పత్రికల్లో శీర్షిక దాదాపు ఒక్కటే: ‘తుపాకీ మిస్‌ఫైర్’. మీ పత్రికలోనూ ఇదే మాట చాలాసార్లు చూశాం. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. ‘టిక్’మని చప్పుడొచ్చి తుపాకీ ఊరుకుంటుంది. అంటే పేలి మనిషి ప్రాణం తీసిన తుపాకీ గురించి ‘పేలలేదు’ అని అచ్చువేస్తున్నాం.

ఇది మాటల పట్టింపు కాదు. ఆ మాట చదివినవాళ్లకు తుపాకీ దానంతటదే పేలిందనిపిస్తుంది. ఎవరు ఏ మెట్టు తప్పారో మరుగున పడిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. నిజమైన మిస్‌ఫైర్ కూడా ప్రమాదకరమే. అది ఎదురైనప్పుడు మొదటి అర నిమిషం ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియాలి. పేరే తారుమారైతే ఆ జాగ్రత్త ఎవరికి అందుతుంది?

ముందు ‘శుభ్రం చేస్తుండగా’ సంగతి చూద్దాం. ఖాళీ తుపాకీ పేలదు. శుభ్రం చేసేటప్పుడు పేలిందంటే ఛాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే గొట్టం వెనక గదిలో, తూటా ఉందన్నమాట. మ్యాగజైన్‌తో (తూటాల పెట్టెతో) పనిచేసే తుపాకుల్లో అది అక్కడ మిగిలిపోవడానికి ఎక్కువగా వరుస తప్పడమే కారణం. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే ఉక్కు భాగం, పిస్తోళ్లలో స్లైడ్) వెనక్కి లాగాలి. కొందరు తొందరలో ముందు బోల్ట్ లాగుతారు. ఛాంబర్‌లోని తూటా ఎగిరి బల్ల మీద పడుతుంది. దాన్ని చూసి తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు. కానీ బోల్ట్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను తోసుకెళ్లి ఛాంబర్‌లో పెట్టేస్తుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి పక్కన పెడతారు. చేతిలో మ్యాగజైన్ లేని తుపాకీ, బల్ల మీద ఒక తూటా: చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. కొన్ని పిస్తోళ్లలో విడదీసే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. అప్పుడు పేలుతుంది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు, అది చేయాల్సిన పనే చేసింది.

అందుకే మ్యాగజైన్ తీశాక బోల్ట్‌ను రెండు మూడుసార్లు పూర్తిగా లాగి, వెనక్కే ఆపి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. ఆ తర్వాత చిటికెన వేలు పెట్టి తడమాలి. చీకట్లో కన్ను మోసం చేయొచ్చు, తూటా ఉన్న ఛాంబర్‌కీ లేనిదానికీ తేడా వేలికి తెలిసిపోతుంది. శుభ్రం చేసే బల్ల దగ్గర తూటాలు ఉండనే కూడదు. ఇంత చేసినా గొట్టం మూతి మనిషి లేని వైపే చూపించాలి. ఎందుకంటే పై మెట్లలో ఏది తప్పినా చివరికి ప్రాణం కాపాడేది ఆ ఒక్క అలవాటే.

ట్రిగ్గర్ మీద వేలు పడకుండానే పేలే తుపాకులు అసలు లేవా అంటే, ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు స్టెన్ గన్ దానికి పేరుమోసింది. మ్యాగజైన్ తగిలించి, బోల్ట్ ముందుకే ఉన్న స్టెన్ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) నేలకు తగిలేలా కింద పడితే, ఆ కుదుపుకి బరువైన బోల్ట్ కాస్త వెనక్కి జరుగుతుంది. బోల్ట్‌ను వెనక్కి పట్టి ఉంచే సియర్ అనే కొక్కేనికి చిక్కేంత దూరం పోదు గానీ తూటాను అందుకునేంత దూరం పోతుంది. తిరిగి ముందుకొస్తూ దాన్ని పేల్చేస్తుంది. 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌లో హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) కింద తూటా ఉంటే, హ్యామర్ మీద దెబ్బ తగిలినా పేలే ప్రమాదం ఉంది. అందుకే ఆరు గదులున్నా ఐదే నింపి, హ్యామర్‌ను ఖాళీ గది మీద దించుకునేవాళ్లు. తర్వాతి రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న పలక వచ్చింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే అది పైకి లేచి హ్యామర్ దెబ్బను ఫైరింగ్ పిన్‌కు (తూటా అడుగున పొడిచే సూదికి) అందిస్తుంది. ఇలా ప్రతిదానికీ ఒక కారణం, ఒక పేరు ఉన్నాయి. కింద పడి పేలితే ‘కింద పడి పేలింది’ అనే రాయాలి.

పేలిన ఇత్తడి కేసుల్లో కొత్త ప్రైమర్ (దెబ్బకు అంటుకునే చిన్న మూత), మందు, గుండు పెట్టి తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. ఎం1 గారండ్‌లోనూ, చాలా ఎస్‌కేఎస్ రైఫిళ్లలోనూ ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగ్ ఉండదు. బోల్ట్ మూసుకున్న ప్రతిసారీ పిన్ ప్రైమర్‌ను మెల్లగా తాకుతుంది. ప్రైమర్ మెత్తనిదైనా, కేస్ అడుగు కంటే పైకి పొడుచుకొచ్చినా ఆ చిన్న తాకుడికే పేలవచ్చు, అదీ బోల్ట్ పూర్తిగా తాళం పడకముందే. ఎస్‌కేఎస్‌లో పాత గ్రీజు గట్టిపడి పిన్ ముందుకే బిగుసుకుపోయినా ఇదే గతి. కాబట్టి ప్రైమర్ బిగించాక ప్రతి కేస్ అడుగునూ వేలితో రాసి చూడాలి. ప్రైమర్ అంచు కంటే కొద్దిగా, మిల్లీమీటరులో పదో వంతు మేర, లోపలికి దిగి ఉండాలి. వేలికి బొడిపెలా తగిలితే ఆ తూటాను పక్కన పెట్టాల్సిందే. మందు, గుండు ఉన్న తూటాలో ప్రైమర్‌ను మళ్లీ లోపలికి నొక్కే ప్రయత్నం చేయకూడదు.

ఇప్పుడు అసలైన మిస్‌ఫైర్. ట్రిగ్గర్ నొక్కారు, ‘టిక్’మంది, పేలలేదు. కారణం చాలాసార్లు ఆ ప్రైమరే. కేస్ అడుగున ప్రైమర్ గుంతలో పాత మసి గట్టిపడి ఉంటే కొత్త ప్రైమర్ అడుగుదాకా దిగదు. ఫైరింగ్ పిన్ కొట్టిన దెబ్బంతా దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది. అదే తూటా రెండో దెబ్బకు చక్కగా పేలుతుంది, దాంతో తూటా మంచిదేననీ తుపాకీలోనే లోపమనీ పొరబడతారు. నూనె చేతులతో ప్రైమర్లు పట్టుకున్నా లోపలి రసాయనం చెడిపోవచ్చు. బయటికి తీసిన తూటా మీద దెబ్బ గుర్తు చూడండి. లోతుగా పడి ఉంటే అనుమానం ప్రైమర్ మీద, పైపైన పడి ఉంటే స్ప్రింగ్ మీద, పిన్ మీద, లేదా బోల్ట్‌లో గడ్డకట్టిన గ్రీజు మీద.

కానీ వెంటనే బయటికి తీయకూడదు. నిప్పు అంటుకుని మందు ఆలస్యంగా పేలే అవకాశం ఉంది, దాన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. చాలావరకు ఆ ఆలస్యం రెప్పపాటే. అయినా గొట్టాన్ని గురి వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగమని నేర్పుతారు. బోల్ట్ తెరిచాక పేలితే కేస్‌ను పట్టి ఉంచే ఛాంబర్ గోడలు దాని చుట్టూ ఉండవు. ఇత్తడి ముక్కలై ముఖానికి తగులుతుంది.

‘టిక్’ కాకుండా ‘టప్’మని మొండి చప్పుడొచ్చి, భుజానికో చేతికో తన్ను తగలకపోతే అది ఇంకా ప్రమాదం. కేస్‌లో మందు పడలేదు, ఒక్క ప్రైమర్ మాత్రమే పేలింది. ఆ ప్రైమర్ బలం గుండును గొట్టంలోకి తోయడానికి చాలు, బయటికి పంపడానికి చాలదు. గుండు మధ్యలో ఇరుక్కుంటుంది. ఆటోమేటిక్ పిస్తోలు అయితే స్లైడ్ కదలదు కాబట్టి కాల్చేవాడు ఏదో చిక్కుకుందనుకుంటాడు. మ్యాగజైన్ అడుగున తట్టు, స్లైడ్ లాగు, మళ్లీ కాల్చు అని శిక్షణలో చేతికి అలవాటైన పనే చేస్తాడు. వెనక నుంచి వచ్చిన రెండో గుండు మొదటిదాన్ని ఢీకొంటుంది. వెళ్లడానికి దారిలేని వాయువు ఒత్తిడికి గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది, లేదా చీలిపోతుంది. కాబట్టి చప్పుడు తేడాగా ఉంటే ఆగాలి. తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, గొట్టంలో వెలుతురు కనిపిస్తోందో లేదో వెనక వైపు నుంచే చూడాలి. ఇరుక్కున్న గుండును సరిపోయే ఇత్తడి కడ్డీతో తుపాకీ మెకానిక్ కొట్టి తీయాలి. ఇంకో తూటాతో కాల్చి బయటికి పంపేద్దామనే ఆలోచనే రాకూడదు.

మందు పడకపోవడం, రెండుసార్లు పడటం రెండూ ఒకే అజాగ్రత్తకు పుట్టిన కవలలు. .38 స్పెషల్ తూటానే తీసుకోండి. దాని కేస్ పొగ వచ్చే పాత నల్ల తుపాకీమందు కాలంలో రూపుదిద్దుకుంది, అందుకే పొడవుగా ఉంటుంది. పొగలేని మందుల్లో వేగంగా కాలే రకాలైతే దానికి దాదాపు మూడు గ్రెయిన్లు చాలు. అంటే గ్రాములో ఐదో వంతు. ఆ కాస్త మందు కేస్ అడుగున ఎక్కడో కనీకనిపించకుండా ఉంటుంది. పొరపాటున మరోసారి పోసినా పొంగి బయటికి రాదు. 50 రంధ్రాల చెక్క పలకలో కేసులన్నీ నిలబెట్టి, మందు పోశాక టార్చిలైటు ఏటవాలుగా వేసి ఒక్కొక్కటీ చూడాలి. అన్నిట్లో మట్టం ఒకేలా ఉండాలి. ఒక్కదాని మీద అనుమానం వచ్చినా మందు వెనక్కి పోసి మళ్లీ తూచాలి. బల్ల మీద ఒకేసారి ఒకే రకం మందు డబ్బా ఉండాలి, రంగు చూసి ‘ఇదే’ అనుకోవడం ప్రాణాంతకం. వీలైతే కేస్‌లో సగం కంటే ఎక్కువ నిండే మందును ఎంచుకోవడం మేలు, రెండోసారి పోస్తే అదే ఒలికిపోయి చెబుతుంది. తూటాలు నింపే కొలతల పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ కొలతతో మొదలుపెట్టకూడదు. దానికి పది శాతం తక్కువ నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి.

ముందు నుంచి మందు కూరే పాత తుపాకుల్లో మిస్‌ఫైర్‌కు ఇంకా పెద్ద చరిత్ర ఉంది. చెకుముకి తుపాకీలో రాయి అంచు మొద్దుబారినా, రాయి తగిలే ఉక్కు పలకకు నూనె అంటినా నిప్పురవ్వ రాదు. రంజకం (గొట్టం పక్కన బయట పోసే, నిప్పురవ్వకు ముందుగా అంటుకునే మందు) తడిస్తే అంటుకోదు. రంజకం ఎక్కువ పోసి గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రాన్ని కప్పేస్తే అది వత్తిలా మెల్లగా కాలి, తుపాకీ ఆలస్యంగా పేలుతుంది. రంధ్రానికి కాస్త ఎడంగా పోస్తే మంట నేరుగా లోపలికి దూకుతుంది. స్కాట్లండ్ మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ వేటగాడు కూడా. రంజకం మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని దెబ్బకు పేలే రసాయనం మీద పనిచేసి, 1807లో పేటెంట్ పొందాడు. నేటి ప్రైమర్‌కు మూలం అదే.

అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెట్టిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో ఏరిన సుమారు 27 వేల తుపాకుల్లో ఎక్కువ భాగం నింపినవే. వేలాది తుపాకుల్లో ఒకదాని మీద ఒకటిగా రెండు, అంతకు మించి గుండ్లు కూరి ఉన్నాయి. ఒకదానిలో ఇరవై మూడు ఉన్నాయని నాటి లెక్క. ఆ హోరులో తమ తుపాకీ పేలిందో లేదో తెలియక మళ్లీ మళ్లీ కూరిన సిపాయిలూ అందులో ఉంటారు. దీనికి సులువైన విరుగుడు ఉంది: కూరే కడ్డీని ఖాళీ గొట్టంలో దించి మూతి దగ్గర ఒక గీత, మందూ గుండూ సరిగ్గా దిగాక మరో గీత పెట్టుకోవడం. కడ్డీ దించగానే నిండిందో లేదో తెలుస్తుంది, గుండు మందుకు ఆనకుండా మధ్యలో ఆగిపోయినా తెలుస్తుంది. ఈ తుపాకులు పేలకపోతే కనీసం ఒక నిమిషం, వీలైతే రెండు నిమిషాలు ఆగాలి. మందును, అది నిల్వ ఉంచే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు, వేరే కొలత గొట్టంతో పోయాలి. లోపల ఒక్క నిప్పు నలుసు మిగిలి ఉన్నా కొమ్ములోని మందంతా చేతిలో అంటుకుంటుంది. వీటిలో పొగలేని మందు వాడితే గొట్టం బద్దలవుతుంది, కొంచెమే కదా అనుకున్నా సరే.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో షాట్‌గన్‌తో జరిగే ప్రమాదం ఒకటి చెప్పాలి. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం. 12 గేజ్ తుపాకీలో పొరపాటున 20 గేజ్ తూటా వేస్తే అది ఛాంబర్ దాటి జారి, ముందున్న సన్నటి చోట ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’మంటుంది. తెరిచి చూస్తే ఛాంబర్ ఖాళీ. వేయడం మరిచానేమో అనుకుని 12 గేజ్ తూటా వేసి కాలుస్తాడు. గొట్టం సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకున్న చోట పగులుతుంది. అందుకే 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేస్తారు. జేబులో రెండు రకాలూ కలిపి పెట్టుకుంటే మాత్రం ఆ రంగు కూడా కాపాడలేదు.

కాబట్టి మీ విలేకరులకు మా విన్నపం ఇది. ఇలాంటి వార్త రాసేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. అది ఏ రకం తుపాకీ? పేలినప్పుడు మ్యాగజైన్ లోపల ఉందా, బయట ఉందా? గొట్టం ఎటు చూస్తోంది? వేలు ట్రిగ్గర్ మీద ఉందా? జవాబులు దొరికితే వాటినే రాయండి. దొరక్కపోతే ‘తుపాకీ పేలి మృతి’ అంటే చాలు. ‘మిస్‌ఫైర్’ అనే మాటను పేలని తూటాకు వదిలేయండి.

ఇట్లు,
షూటింగ్ శిక్షకులు, తూటాలు నింపుకునే అభిరుచి గల పాఠకులు