ఆ బోర్డులోని 'ఇండియన్లు' మనం కాదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా మైదానాల పల్లెల పాత ఫొటోల పేజీ వచ్చి పదహారు రోజులైంది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానంటే, సవరణ వేస్తారేమోనని రోజూ పేపరు కింది మూలల దాకా వెతుకుతూ కూర్చున్నాను. రాలేదు. ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ పేజీ ఏడుసార్లు తిరిగింది. చివరిసారి పంపినాయన కింద మూడు జెండాలు కూడా పెట్టాడు.

ఆ బీరు పార్లర్ ఫొటో సంగతే చెబుతున్నాను. కిటికీ మీద ఇంగ్లీషులో 'ఇండియన్లకు బీరు అమ్మబడదు' అని రాసి ఉంటుంది. మీవాళ్లు దానికి 'తెల్లవాళ్ల గడ్డపై భారతీయుడికి ఆనాడే అవమానం' అని శీర్షిక పెట్టి, పక్కన నాలుగు పేరాల ఆవేశం వడ్డించారు. అయ్యా, ఆ ఇండియన్లు మనం కాదు. చిన్నప్పుడు బళ్లో 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నామే, వాళ్లు. అది 1939లో సౌత్ డకోటా రాష్ట్రంలో సిసెటన్ అనే చిన్న ఊళ్లో తీసిన ఫొటో. ఆ రోజుల్లో అంత మారుమూలకు, బోర్డు పెట్టి ఆపాల్సినంతమంది మనవాళ్లు బీరు తాగడానికి ఎక్కణ్ణుంచి వస్తారని మీ డెస్కులో ఒక్కరికీ అనుమానం రాలేదా?

మా అమ్మాయి నార్త్ డకోటాలో ఫార్గోలో ఉంటుంది. పోయినేడు ఆరు నెలలు అక్కడే ఉన్నాను. సిసెటన్ అక్కణ్ణుంచి కారులో గంటన్నర. దారంతా బల్లపరుపు నేల, మధ్యమధ్య ధాన్యం నిలవచేసే ఎత్తయిన గోదాములు, అంటే ఎలివేటర్లు, ఆపైన ఆకాశం. డకోటా అన్నది అక్కడి మూలవాసుల పేరు. సిసెటన్ అన్నది వాళ్లలోనే ఒక తెగ పేరు. రాష్ట్రం పేరు వాళ్లది, ఊరి పేరు వాళ్లది, బీరు మాత్రం వాళ్లకు లేదు! ఇదేదో ఒక షాపువాడి కుళ్లు కూడా కాదు. మూలవాసులకు మద్యం అమ్మకూడదని దేశం మొత్తానికీ చట్టమే ఉండేది, 1953లో గానీ పోలేదు. పుట్టిన నేల మీద వాళ్లందరికీ పౌరసత్వం ఇచ్చిందే 1924లో. ఇంత కథను మీరు తుడిచేసి, వాళ్ల అవమానాన్ని మన ఖాతాలో జమ వేసుకున్నారు. మనవాళ్లకు జరిగిన అన్యాయమే కావాలనుకుంటే మనవాళ్లను కెనడా రేవులో దిగనివ్వకుండా వెనక్కి పంపేసిన 1914 నాటి కోమగాట మారు ఓడ ఉంది, 1923లో భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదన్న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉంది. వాటి మీద పేజీ వేస్తే నేనే పది కాపీలు కొంటాను.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఒక కుర్రాడు, పాపం మర్యాదగానే, "సార్, నెట్‌లో అలాగే వచ్చింది" అన్నాడు. ఫొటో కింద కూడా 'ఫొటో: ఇంటర్నెట్' అనే వేశారు. ఇంటర్నెట్ అనే ఫొటోగ్రాఫర్ ఎవరో నాకు తెలియదు గానీ, సిసెటన్ బోర్డు ఫొటో తీసినాయన పేరు జాన్ వాషన్. 1935 నుంచి రాయ్ స్ట్రైకర్ అనే ఆయన కింద అమెరికా ప్రభుత్వమే పల్లెలకు ఫొటోగ్రాఫర్లను పంపింది. జనం ఎక్కడ కూడతారు, వీధుల్లో ఏం బోర్డులున్నాయి, ఇంట్లో సాయంత్రం పూట ఏం చేస్తారు, ఇవన్నీ తీసుకురమ్మని స్ట్రైకర్ జాబితాలు రాసి పంపేవాడు. అలా పోగైన నెగెటివ్‌లు దాదాపు 1,75,000. ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం వెబ్‌సైటులో ఊరు, నెల, సంవత్సరంతో సహా ఉచితంగా దొరుకుతాయి. రెండు నిమిషాల పని.

ఇంకో మాట వింటే మీ కుర్రాడు సిగ్గుపడతాడో నవ్వుతాడో. ఆ వాషన్ 1936లో ఆ ఆఫీసులో చేరింది ఫొటోగ్రాఫర్‌గా కాదు, చిన్న గుమస్తాగా. ఆయన పనేమిటంటే ఫొటోల వెనక వాటి వివరాలు చేత్తో రాయడం. ఏ ఊరు, ఏ నెల, ఎవరు తీశారు, అంతే. అలా రాసీ రాసీ తర్వాత కెమెరా పట్టాడు. ఊళ్ల పేర్లు రాసి చెయ్యి నొప్పి పెట్టుకున్న మనిషి ఫొటోకే మీరు ఊరు లేకుండా చేశారు.

ఇదే పథకంలో 1936లో ఆర్థర్ రోత్‌స్టైన్ అనే ఫొటోగ్రాఫర్ సౌత్ డకోటా కరువు నేల మీద ఒక ఆవు పుర్రెను ఫొటోలు తీశాడు. మంచి కోణం కోసం పుర్రెను ఓ పది అడుగులు జరిపాడు. ఆ సంగతి పట్టుకుని, అధ్యక్షుడు రూజ్వెల్ట్ కరువు పర్యటనకు వచ్చిన వేళ ఫార్గో పత్రిక ఒకటి పెద్ద గొడవ చేసింది, ప్రభుత్వం బూటకపు ఫొటోలు చూపిస్తోందని. అందులో రాజకీయం లేకపోలేదు, అది వేరే సంగతి. పుర్రెను పది అడుగులు జరిపితే అంత రభస. మీరు ఒక జాతి మొత్తాన్ని సముద్రాలు దాటించి జరిపారు.

అదే పేజీలో పై వరసలో ఉన్న రెండో ఫొటోకు 'నాటి వాటర్ ట్యాంక్' అని రాశారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ధాన్యం గోదాముల్లో పనిచేసినవాణ్ణి, నాకు చెప్పకండి. అది ధాన్యం ఎలివేటర్. రైతు గోధుమల బండి లోపలికి తోలుకొస్తే తూకం వేసి, కింద గోతిలో పోస్తారు. బకెట్లు కట్టిన బెల్టు ఆ గింజల్ని పైకి తోడుతుంది. పైనుంచి రకాన్ని బట్టి ఒక్కో గదిలోకి వదులుతారు. రైలు వచ్చాక గొట్టం తిప్పితే గింజలు వాటంతటవే వ్యాగన్‌లోకి జారతాయి. బస్తా లేదు, హమాలీ వీపు లేదు. మొదటిసారి చూసినప్పుడు మా గోదాము హమాలీలు గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ ఊళ్లలో అంతకంటే ఎత్తయిన కట్టడం ఉండదు. చాలావాటి మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, మనకు స్టేషన్లో పసుప్పచ్చ బోర్డు ఉన్నట్టు. మీ పేజీ డిజైనర్ ఏం చేశాడంటే, చోటు చాలక సరిగ్గా ఆ అక్షరాల నడుం మీద కోశాడు. భూతద్దం పెట్టి చూశాను. అక్షరాల కింది సగాలు ఐదు మిగిలాయి. మొదటిది ఇంగ్లీషు 'ఇ'నో 'ఎల్'నో తేల్చుకోలేకపోయాను.

మిమ్మల్నొక్కర్నే అని ఏం లాభం. మా ఊరి గ్రంథాలయంలో పాత మార్కెట్ యార్డు ఫొటోలు ఆరు ఫ్రేములు కట్టి ఉండేవి. కాటాల దగ్గర తలపాగాలతో రైతులు, వెనక చేత్తో రాసిన ధరల బోర్డు. గోడలకు సున్నం వేయడానికి దించారు, మళ్లీ ఎక్కించలేదు. అడిగితే 'స్టోర్‌లో ఉన్నాయి' అన్నారు. తర్వాత వచ్చినాయన 'స్టోరే లేదు' అన్నాడు. ఆ గోడకు ఇప్పుడు ఫ్లెక్సీ ఉంది, అందులో ఉన్నవాళ్లెవరో ఎన్నికలకోసారి మారుతుంటారు.

మీ వ్యాసంలో చివరి వాక్యం, 'ఇలాంటి బోర్డులు మన సంస్కృతిలో ఎన్నడూ లేవు' అన్నది, నన్ను అన్నిటికంటే మండించింది. నిజమే, బోర్డులు లేవు. అవసరం రాలేదు. నా చిన్నప్పుడు మా ఊరి కాఫీ హోటల్లో లోపల గాజు గ్లాసులు, బయట గోడకు మేకులకు వేలాడుతూ సత్తు గ్లాసులు ఉండేవి. మాలపల్లె నుంచి వచ్చినవాళ్లు ఆ గ్లాసు వాళ్లే తీసుకుని, పైనుంచి పోయించుకుని, తాగి, వాళ్లే కడిగి మళ్లీ మేకుకు తగిలించాలి. నేను లోపల బల్ల మీద కూర్చుని చూసినవాణ్ణే. ఎవరూ చదవాల్సిన పనిలేదు, అందరికీ తెలుసు. ఆ మేకుల్ని ఏ వాషన్ ఫొటో తీశాడు? మీ పత్రిక అప్పటికే వస్తోంది. మీ పాత సంచికల్లో ఆ మేకుల ఫొటో ఒక్కటైనా ఉంటే వచ్చే ఆదివారం వేయండి, చూస్తాను.

సవరణ వేసేటట్టయితే ఐదో పేజీలో అగ్గిపెట్టె అంత కాదు, అదే అనుబంధంలో, అదే సైజులో వేయండి. సిసెటన్ పేరు, వాషన్ పేరు, 1939 అన్నది ఉండాలి. ఎలివేటర్ ఫొటో మళ్లీ వేస్తే పైభాగం కోయొద్దని మీ డిజైనర్‌కు చెప్పండి. ఆ ఐదక్షరాల ఊరేదో నాకింకా తెలియలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గోదాము ఉద్యోగి,
పశ్చిమ గోదావరి జిల్లా