నర్సుల జీతాల గురించి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) గారికి

డీఎంహెచ్‌ఓ గారూ, నమస్కారం. నేను 200 పడకలు దాటిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆరోగ్యశ్రీ బిల్లులు రాలేదని రెండు నెలలుగా మాకు సగం జీతమే ఇస్తున్నారు, రిసెప్షన్‌కి మాత్రం ఈమధ్యే కొత్త పాలరాయి పడింది (అద్దంలా ఉంది లెండి, నైట్ డ్యూటీలో జారకుండా నడవాలి). సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 లోపు పడకలున్నా నెలకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. నాకు పూర్తి జీతం వచ్చిన నెలలో కూడా 16,000 దాటలేదు. ఐసీయూలో ఇద్దరు మానేశారు, వాళ్ల బదులు ఎవర్నీ తీసుకోలేదు, ఆ పడకలూ ఇప్పుడు నావే. మా ఆసుపత్రి రిజిస్ట్రేషన్ మీ ఆఫీసులోనే కదండీ, రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం)తో పాటు జీతాల రిజిస్టర్ కూడా అడగండి.